చెల్లికి తగిలిన దెబ్బలు

పొద్దున ఏడింటికి సైరన్ కూయగానే చెల్లి చేసే మొదటి పని స్టీమ్ వాల్వు తిప్పడం. పాల ఫ్యాక్టరీలో పొడి కలిపే హాల్లో, గోడ పక్కన, ఎర్ర రంగు పూసిన ఇనప చక్రం ఒకటి ఉంటుంది. దాని వెనక గొట్టంలో ఆవిరి ఎప్పుడూ నిండి ఉంటుంది కాబట్టి ఆ చక్రం పొయ్యి మీది పెనంలా కాలుతూ ఉంటుంది. పక్కనే మేకుకి తోలు తొడుగులు వేలాడుతుంటాయి. మిగతావాళ్ళంతా అవి తొడుక్కుంటేగానీ దాని జోలికి పోరు. చెల్లి మాత్రం ఉత్త చేతుల్తో పట్టుకుని గబగబా మూడు చుట్లు తిప్పేసేది. అరచేతిలో చుయ్‌మని చప్పుడు వినిపించేది, అంతే. చెయ్యి తీసి కోటుకి తుడుచుకుని తర్వాతి పనిలో పడిపోయేది.

సరిగ్గా అదే నిమిషంలో, ఊరి చివర కొట్టంలో పాలు పితుకుతున్న అక్క బకెట్ వదిలేసి, "దీని చేతులు పడిపోను" అని తిట్టేది. ఆ పడిపోయేవి తన చేతులేనని వెంటనే గుర్తొచ్చి నాలిక కరుచుకునేది. తొట్టి నీళ్ళలో అరచేతులు ముంచి, బొబ్బ లేస్తుందో లేదో చూసుకుని, మళ్ళీ ఆవు పక్కన కూర్చునేది.

"తొడుగులు వేసుకోవే" అని అక్క వెయ్యిసార్లు చెప్పింది.

"మర్చిపోయానక్కా" అనేది చెల్లి. అబద్ధం కాదు, నిజంగానే మర్చిపోయేది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నొప్పెరగని మనిషికి జాగ్రత్త ఎలా గుర్తుంటుంది?

ఇది ఇప్పటిది కాదు. చెల్లి పుట్టగానే మంత్రసాని తలకిందులుగా పట్టుకుని వీపు మీద ఒక్కటి చరిస్తే, పక్కగదిలో ఆడుకుంటున్న నాలుగేళ్ళ అక్క గుక్కపట్టి ఏడ్చింది. ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఒకరిది ఎడమచేతి వాటం, ఒకరివి పిల్లికళ్ళు, వీళ్ళిద్దరిదీ ఇది. బళ్ళో లెక్కల మాస్టారు చెల్లి ఎక్కం తప్పితే బెత్తం పట్టుకుని నేరుగా అక్క క్లాసుకి వెళ్ళేవాడు. ఎలాగూ అక్కడికి చేరేదే కదా, మధ్యలో ఈ పిల్లని లేపడమెందుకని ఆయన ఉద్దేశం. చెల్లి గోడ మీంచి పడిందని కబురొస్తే కాంపౌండరు కట్టుగుడ్డలు చంకన పెట్టుకుని అక్కని వెతుక్కుంటూ పోయేవాడు. అక్కకి సంబంధం మాట్లాడటానికి పెద్దమనుషులు వచ్చి కూర్చున్న రోజున చెల్లి పెరట్లో సైకిలు నేర్చుకుంటోంది. పెళ్ళికొడుకు తల్లి ఏదో అడుగుతుండగా అక్క ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది, తర్వాత పెదవి చిట్లింది, ఆ తర్వాత మోకాలు. వచ్చినవాళ్ళు టీ కూడా ముట్టకుండా లేచి వెళ్ళిపోయారు. అక్క మరి పెళ్ళి చేసుకోలేదు.

చెల్లికి పెళ్ళయింది. కూతురు పుట్టేటప్పుడు పధ్నాలుగు గంటలు పట్టింది. చెల్లి ఆస్పత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఇంకా ఎంతసేపని నర్సుని అడుగుతూ ఉంది. అక్క కొట్టంలో గడ్డి మీద పడి పొర్లింది. ఏళ్ళు గడిచి, మొగుడు పోయి, చెల్లి ఫ్యాక్టరీలో కూలికి చేరేనాటికి ఆమె ఒంటి మీద ఒక్క గీత లేదు. అక్క ఒంటి మీద ఖాళీ లేదు.

మూడేళ్ళ కిందటి దాకా ఆ ఫ్యాక్టరీ ఊరి పాలతోనే నడిచింది. తెల్లారేసరికి క్యాన్లు పాలకేంద్రం ముందు బారులు తీరేవి. కేంద్రంలో పనిచేసే పిల్ల లాక్టోమీటర్ ముంచి, చిక్కదనం చూసి చీటీ రాసిచ్చేది. తర్వాత ఎక్కడో రాజధానిలో ఎవరో ఒక కాగితం మీద సంతకం పెట్టారు. విదేశీ పాలపొడి మీద సుంకం ఎత్తేశారు. సముద్రం అవతల ప్రభుత్వాలు తమ రైతులకి ఎదురు డబ్బిచ్చి ఆవుల్ని మేపిస్తాయట. అక్కడ మిగిలిపోయిన పాలని ఎండబెట్టి, సంచుల్లో నింపి, ఓడ ఎక్కించి ఇక్కడ దింపినా, అక్క ఒక లీటరు పాలకి పెట్టే దాణా ఖర్చు కంటే చవగ్గా పడుతోందట. టై మేనేజరు ఈ సంగతి రైతులందరినీ పిలిచి చెప్పాడు. బాయిలర్ గదిలో కూడా టై విప్పడు కాబట్టి ఆయనకా పేరు.

"ఇందులో ఎవరి తప్పూ లేదండీ. ధర అలా ఉంది, అంతే" అన్నాడు.

మొదట సాయంత్రం పాలు తీసుకోవడం మానేశారు. తర్వాత వారానికి రెండు రోజులు పాలసెలవు అన్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు. సెలవు నోటీసు కేంద్రం తలుపుకి అంటించారుగానీ, ఆవులకి చదవడం రాదు కదా. అవి రోజూ చేపుతూనే ఉన్నాయి. పిండకపోతే పొదుగులు రాయిలా గట్టిపడి చీము పట్టేవి. పిండితే పాలు కాలవలో పొయ్యాలి. ఊరి కాలవలు తెల్లగా పొంగి, పులిసి, ముక్కు మూసుకోకుండా వీధిలో నడవలేని పరిస్థితి వచ్చింది. కుక్కలూ పిల్లులూ మాత్రం కొవ్వు పట్టి కూర్చున్నాయి.

ప్రతి గురువారం కబేళా లారీ రావడం మొదలయింది. నడవగలిగినవాటినే అది ఎక్కించుకునేది. అక్క పక్కింటి పొట్టిమామ ఆవు ఒకటి కుంటుతోందని వద్దన్నారు. ఆయన దాన్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళి పెద్ద సుత్తితో నుదుటి మీద కొట్టాడు. ఒక్క దెబ్బకి చావలేదు. రెండో దెబ్బకి మోకాళ్ళ మీద కూలబడి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. మూడో దెబ్బ అయ్యాక ఆయన అదే సుత్తితో ఇంట్లోకి వెళ్ళి గిన్నెలు, అద్దం, కిటికీ, పెళ్ళాం కుట్టుమిషను పగలగొట్టాడు. ఆమె అడ్డం వస్తే ఆమె మణికట్టు కూడా విరిగింది. మర్నాడు ఏమీ జరగనట్టు ఆమెని ఆస్పత్రికి ఆయనే తీసుకెళ్ళాడు.

అది మొదలు ఊరు ఊరంతా కొట్లాటల్లోకి దిగింది. పాలపొడి తెచ్చిన లారీని పంట కాలవ దగ్గర ఆపి డ్రైవర్‌ని కిందకి లాగి నోట్లో పొడి కుక్కి నీళ్ళు పోశారు. ఆ మనిషి బతికాడుగానీ ఆ పెనుగులాటలో ఒక కన్ను పోయింది. ఆ రాత్రికే పోలీసులు ఆరు ఇళ్ళలో జొరబడి మగవాళ్ళ మోకాళ్ళు విరగ్గొట్టారు. కొట్టించుకున్నవాళ్ళ అన్నదమ్ములు పాలకేంద్రానికి నిప్పు పెట్టారు. ఎవరు ఎవర్ని ఎందుకు కొడుతున్నారో అడిగే ఓపిక ఎవరికీ మిగల్లేదు. ఆ గొడవలన్నింటిలో అక్క ముందు నిలబడింది. దెబ్బలకి ఆమె భయపడదని ఊరందరికీ తెలుసు, మరి అలవాటు అలాంటిది.

ఒక ఆదివారం చెల్లి అక్కని చూడ్డానికి కొట్టానికి వెళ్ళింది. పధ్నాలుగు ఆవుల్లో ఆరు మిగిలాయి. అక్క ఒక ఆవు పొదుగుకి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెడుతోంది. ఆమె ఎడమ కన్ను వాచి సగం మూసుకుపోయి ఉంది. అది తనకి తగిలిన దెబ్బో, పోలీసులు కొట్టిన దెబ్బో చెల్లికి తెలియలేదు. అడిగితే బావుండదని అడగలేదు.

"గురువారం లారీ వస్తుందటగా" అంది చెల్లి.

"వస్తుంది. ఇవి ఎక్కవు."

"ఎన్నాళ్ళని లాక్కొస్తావక్కా? అమ్మేసెయ్. మా దగ్గర సంచులు విప్పే పనిలో మనుషులు కావాలంటున్నారు. నేను సారుతో మాట్లాడతాను."

అక్క గుడ్డ పిండి మళ్ళీ పొదుగు మీద వేసింది. "నన్ను ఆ పిండినీళ్ళు కలపడానికి రమ్మంటావా?"

"పిండినీళ్ళయితే ఏంటి, జనం తాగడం లేదూ? తెల్లగానే ఉన్నాయి."

"ఏమే, నీకు బుర్రలో ఏమన్నా ఉందా? పొట్టిమామ ఆవు చచ్చేటప్పుడు దాని అరుపు నువ్వు విన్నావా?"

"విన్నాను. పశువేగా. ఒక నాలుగు నిమిషాలు ఓర్చుకుంటే అయిపోతుంది. నువ్వే అన్నీ మనసులోకి తీసుకుంటావు" అంది చెల్లి. ఆమె మంచికే చెప్పింది. నొప్పి అనేది కాసేపు ఓర్చుకుంటే పోయే తుమ్ములాంటిదని ఆమె నిజంగా నమ్మింది.

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి, తడి చేత్తో, ఉన్న బలమంతా పెట్టి చెల్లి చెంప ఛెళ్ళుమనిపించింది. నలభై ఏళ్ళలో అక్క చెయ్యెత్తడం అదే మొదటిసారి. ఆ చప్పుడికి ఆవులు తలలు తిప్పి చూశాయి. చెల్లి చెంప చల్లగా అలాగే ఉంది. అక్క చెంప మీద నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలి, పెదవి మూల నుంచి సన్నగా రక్తం దిగింది.

చెల్లికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుందిగానీ ఆగలేదు. అక్క ఒక్క క్షణం ఆమెని అలాగే చూసి, తనూ నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది. తర్వాత పీట లాక్కుని ఆవు పక్కన కూర్చుని, "ఇంటికి పోవే తల్లీ" అంది. చెల్లి వెళ్ళిపోయింది. ఆ నవ్వు గురించి ఆమె తర్వాత బతికినంత కాలం సిగ్గుపడింది, కానీ ఆ రోజు దారిలో ఇంకా నవ్వుకుంటూనే వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నం టై మేనేజరు చెల్లిని తన గదికి పిలిచాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అప్పుడే ఆమెకి అనుమానం వేసింది, ఎందుకంటే ఆ గదిలో కూలివాళ్ళు కూర్చోరు.

"రేపు పొద్దున నాలుగు లారీల పొడి వస్తోంది. రైతులు గేటు దగ్గర కాపు కాస్తారని తెలిసింది. పోలీసుల్ని పెడుతున్నాం. అయినా రాళ్ళు పడితే ఎంత నష్టమో నీకు తెలుసుగా" అన్నాడు.

"నేనేం చెయ్యాలి సార్?"

"ఏమీ చెయ్యొద్దమ్మా. గేటు ముందు కుర్చీ వేయిస్తాను. అందులో కూర్చో, చాలు. నువ్వక్కడ ఉంటే ఒక్కడు కూడా రాయి ఎత్తడు."

ఎందుకు ఎత్తరో ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు. పర్మినెంటు ఆర్డరు టైపు చేయించి పెట్టానని, సంతకం ఒక్కటే బాకీ అని మేనేజరు సొరుగు లాగి చూపించాడు. కూతురి హాస్టలు ఫీజు కళ్ళముందు ఆడింది. దీనివల్ల గొడవే జరగదు కదా, అక్కకీ మంచిదే కదా అనుకుంది చెల్లి. మనిషి తనకి కావాల్సింది చెయ్యడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతుక్కోడు.

గురువారం పదింటికి ఫ్యాక్టరీ ముందు రోడ్డు మీద మూడొందల మంది ఉన్నారు. గేటు మూసి ఉంది. గేటు ముందు నీలం ప్లాస్టిక్ కుర్చీ, అందులో నీలం కోటు వేసుకుని చెల్లి, ఆమె వెనక లాఠీలతో పోలీసులు. రోడ్డుకి ఆ చివర నాలుగు లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగి హారన్లు కొడుతున్నాయి. కొందరు రైతులు లారీలకి అడ్డంగా రోడ్డు మీద బైఠాయించారు. మిగతావాళ్ళు రాళ్ళు పట్టుకుని గేటు ముందుకొచ్చి, కుర్చీని చూసి ఆగిపోయారు.

అందరికంటే ముందు అక్క ఉంది.

పొట్టిమామ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయ్, ఆ కుర్చీలో కూర్చోబెట్టింది దాన్ని కాదు. నిన్ను."

"తెలుసు మామా."

"మరేం చేద్దాం?"

"మధ్యాహ్నం కబేళా లారీ నా కొట్టానికి వస్తుంది. ఈ నాలుగూ లోపలికి పోతే నా ఆరూ అందులోకి పోతాయి. నీ రెండూ పోతాయి. వెయ్యండి" అంది అక్క.

ఎవరూ వెయ్యలేదు. "అక్కా, ఇంటికి పోండి అందరూ. ఎందుకీ గొడవ?" అని కుర్చీలోంచి చెల్లి పిలిచింది. అక్క వంగి, పిడికిట్లో పట్టేంత కంకరరాయి తీసుకుంది. సరిగ్గా గురి చూసుకుని విసిరింది. రాయి చెల్లి కనుబొమ మీద తగిలి ఒళ్ళో పడింది. అక్క కనుబొమ చీరుకుని రక్తం కంట్లోకి దిగింది. ఆమె దాన్ని మోచేత్తో తుడుచుకుని జనం వైపు తిరిగింది.

"చూశారుగా, నేనేం చావలేదు. నా ఒళ్ళు, నా ఇష్టం. కానివ్వండి."

అప్పుడు రాళ్ళు లేచాయి. గేటుకి తగిలినవి తగిలాయి, పోలీసు టోపీలకి తగిలినవి తగిలాయి, కుర్చీకి తగిలినవీ ఉన్నాయి. చెల్లి భుజం మీద, మోకాలి మీద, నోటి మీద టపటపా వచ్చి పడి జారిపోతున్నాయి. ఆమెకి వడగళ్ళలో నిలబడ్డట్టు కూడా లేదు. ఇరవై అడుగుల దూరంలో అక్క భుజం కిందకి జారింది. తర్వాత మోకాలు వంగింది. తర్వాత తల వెనక్కి విసిరేసినట్టయి, ఒక పన్ను ఊడి కింద పడింది. ఆమె దగ్గర ఎవరూ లేరు, ఆమెని ఎవరూ కొట్టడం లేదు, ఆమె ఒంటరిగా నిలబడి ముక్కలైపోతోంది.

చెల్లి ఇది ఎప్పుడూ చూడలేదు. వాల్వు దగ్గర, గోడ కింద, ఆస్పత్రి మంచం మీద, దెబ్బ తన దగ్గర మొదలయ్యేదిగానీ అది వెళ్ళి చేరే చోట తను ఎప్పుడూ లేదు. సాయంత్రానికి అక్క కట్టు కట్టుకుని కనిపించేది, అంతే. ఇప్పుడు రాయి తన మోచేతిని తాకడం, అక్క చెయ్యి మెలితిరగడం ఒకేసారి కళ్ళెదుట జరుగుతున్నాయి.

"ఆపండి" అని అరుస్తూ కుర్చీ తన్నేసి లేచింది. చేతులు అడ్డం ఊపుతూ అక్క వైపు పరిగెత్తింది. రాళ్ళు ఆగిపోయాయి. పొట్టిమామ అప్పటికే అక్కని పట్టుకుని పక్కకి లాక్కుపోయి కల్వర్టు గోడకి ఆనించి కూర్చోబెట్టాడు.

రాళ్ళు ఆగడం టై మేనేజరు గేటు లోపలి నుంచి చూశాడు. ఇదే అదునని గేటు బార్లా తెరిపించి, మొదటి లారీకి చెయ్యి ఊపాడు. డ్రైవరు ఓడరేవు నుంచి రాత్రంతా నడుపుకొచ్చిన మనిషి, కన్ను పోయిన డ్రైవరు కథ విన్నవాడు. అతను ఆలోచించలేదు. గేరు వేసి, రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ మీదకే పోనిచ్చాడు. జనం అటూ ఇటూ చెదిరారు, లేవలేని ముసలివాళ్ళు నలుగురైదుగురు మిగిలిపోయారు.

చెల్లి దారి మధ్యలో ఉంది. అక్క దగ్గరికి వెళ్తున్నది ఆగి, వెనక్కి తిరిగి, లారీకి ఎదురెళ్ళి చేతులు బార్లా చాపి నిలబడింది. ధైర్యం అని తర్వాత కొందరన్నారు. ధైర్యం కాదు, అలవాటు. పుట్టినప్పటి నుంచి దేనికీ పక్కకి తప్పుకోవాల్సిన అవసరం రాని మనిషి ఆమె. రాళ్ళవానలో అప్పటిదాకా ఏం చూసిందో ఆ ఒక్క క్షణం ఆమె ఒళ్ళు మర్చిపోయింది.

డ్రైవరు బ్రేకు మీద కాలు వేశాడు, ఆ సందులో జనం ముసలివాళ్ళని పక్కకి లాగేశారు. "పోనియ్, ఆమెకేం కాదు" అని మేనేజరు కేక పెట్టాడు. ఊళ్ళో పదేళ్ళుగా ఉన్నవాడు, ఆయనకి తెలుసు.

"తప్పుకోవే" అని కల్వర్టు దగ్గర నుంచి అక్క గొంతు వినిపించింది.

లారీ ఆమెని పడేసి మీదకెక్కింది. చెల్లికి చీకటి కనిపించింది, డీజిలు వాసన కొట్టింది, మొహం పక్కన వేడి ఇనుము జరిగింది. ముందు చక్రం ఛాతీ మీదికెక్కి దిగింది. తర్వాత వెనక చక్రాలు. తడిసిన బొంత మీద వేసినట్టు బరువు తెలిసింది, అంతకుమించి ఏమీ తెలియలేదు. లారీ దాటిపోయాక ఎండ మొహం మీద పడింది. ఆమె లేచి నిలబడింది. నీలం కోటు మీద అడ్డంగా టైరు అచ్చు ఉంది. దాన్ని దులుపుకుంది కూడా.

తలెత్తితే ఒక్కరూ ఆమె వైపు చూడటం లేదు. అందరూ అటు తిరిగి ఉన్నారు.

పొట్టిమామ ఒళ్ళో అక్క ఉంది. ఆమె ఎముకలు తన చేతుల్లోనే విరిగాయని, ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగానని ఆయన తర్వాత చెప్పాడు. ఆమె ఛాతీ లోపలికి దిగిపోయింది. రవిక మీద టైరు అచ్చు ఇటు నుంచి అటు దాకా చెక్కుచెదరకుండా ఉంది. ఆ కల్వర్టు చుట్టుపక్కల చక్రం అనేది లేదు, ఎవరో వదిలేసిన సైకిలు తప్ప.

జనం రెండో లారీని తగలబెట్టారు. పోలీసులు గేటు నుంచి సంత దాకా దొరికినవాళ్ళని దొరికినట్టు చితకబాదారు. పొడి సంచులు కాలిన తియ్యటి వాసన మధ్యాహ్నం దాకా ఊరి మీద నిలిచింది. కబేళా లారీ చెప్పిన టైముకి వచ్చి, కొట్టంలో ఎవరూ కనపడక, సాయంత్రం మళ్ళీ వస్తామని వీధిలోవాళ్ళకి చెప్పి వెళ్ళింది.

నాలుగింటికి చెల్లిని స్టేషన్‌కి పిలిపించారు. పెద్ద పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన టై మేనేజరు. మూలన కాగితాల మధ్య ఊరి రైటరు, ముప్పై ఏళ్ళుగా ఆ స్టేషన్‌లో రాస్తున్న ముసలాయన. ఆఫీసరు ఏమీ ఆశ్చర్యపోలేదు. వాళ్ళ పెద్దమ్మ ఊళ్ళోనూ ఇలాంటి అన్నదమ్ములు ఉండేవారట.

"జరిగింది నాకు అర్థమయిందమ్మా. నీ బాధ కూడా తెలుసు. కానీ ఫారం అనేది ఒకటుంటుంది. లారీ తొక్కిన మనిషికి దెబ్బ లేదు. దెబ్బ తగిలిన మనిషిని లారీ తొక్కలేదు, దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఇంక కేసు ఎవరి మీద పెట్టమంటావు?"

"ఆయన పోనియ్ అన్నాడు" అంది చెల్లి.

"అన్నాను. ఆమెకేం కాదన్నాను. ఏమీ కాలేదు కూడా. ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా" అన్నాడు మేనేజరు. జేబులోంచి పర్మినెంటు ఆర్డరు తీసి బల్ల మీద పెట్టాడు. సంతకం అయిపోయింది.

ఆఫీసరు ఇంకో కాగితం ముందుకు తోశాడు. సహజ మరణం అని ఉంది, కింద దగ్గరి బంధువు సంతకం చెయ్యాలి. ఆలోచించుకుని చెయ్యమని, ఆయనా మేనేజరూ టీ తాగడానికి వరండాలోకి వెళ్ళారు.

చెల్లి కాగితం వైపు చూడలేదు. రైటరు దగ్గరికెళ్ళి నిలబడింది.

"బాబాయ్, లారీ తొక్కిన మనిషికి దెబ్బ ఉంటే రాస్తావా?"

"ఉంటే రాయక చస్తానా? నంబరు పడ్డ ఫారంలో సిరాతో ఎక్కిందంటే మరి దాన్ని చింపడం పైవాడి తరం కూడా కాదు" అన్నాడు రైటరు.

"అయితే నంబరు వెయ్యి."

రైటరు కళ్ళజోడు పైకి తోసుకుని ఆమెని చూశాడు. తర్వాత కొత్త ఫారం తీసి, ముద్ర గుద్ది, తల వంచుకున్నాడు.

రికార్డు గదికి బరువైన ఇనప తలుపు ఉంది, ఒళ్ళంతా వేసి తోస్తేగానీ మూసుకోదు. చెల్లి ఎడమచెయ్యి తీసుకెళ్ళి బందుల వైపు సందులో పెట్టింది. కుడిచేత్తో తలుపు అంచు పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వంచి, లాగింది. చెయ్యడం సులువుగానే చేసింది. అప్పటికీ ఆమెకి అది ఒక పని మాత్రమే.

ఇంత పెద్ద అరుపు తన లోపల ఉందని ఆమెకి తెలియదు. నోరు తెరుచుకునే ఉంది, ఊపిరి లోపలికి పోవడం లేదు. వేళ్ళ దగ్గర మొదలైంది మోచేతికి, భుజానికి, దవడకి పాకి, అక్కడితో ఆగకుండా కళ్ళు కమ్మేసింది. వరండాలో గ్లాసు పగిలిన చప్పుడైంది. తలుపు వదిలించుకుని ఆమె నేల మీద కూలబడింది. నలిగిన వేళ్ళ నుంచి రక్తం కారి ఒళ్ళో పడుతోంది, ఆమె రక్తమే, వెచ్చగా. అక్కకి పంపించడానికి అక్క లేదు. ఇది పోవడం లేదు. నాలుగు నిమిషాలకి పోయేది కాదు ఇది. లారీ చక్రాలు. వాల్వు రోజూ. పధ్నాలుగు గంటలు. చెల్లి మొహం నేలకి ఆనించి ఎద్దులా మూలిగింది.

రైటరు కలం ఆగకుండా నడుస్తోంది. "లారీ చక్రం కింద ఎడమచెయ్యి నలిగినది" అని పైకి చదువుకుంటూ రాశాడు. బండి నంబరు రాశాడు. నడిపిన వాడి పేరు కింద, నడపమన్న వాడి పేరు రాశాడు. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"బాబాయ్" అంది చెల్లి. మాట సరిగా రాలేదు. "ఇంతుంటుందా?"

"ఉంటుందమ్మా" అన్నాడు రైటరు, సిరా ఆరడానికి కాగితం మీద ఊదుతూ.